నీలిరెక్కల జాడ

దానిమ్మతోట గలవారందరును ఒక పురుగు నెరుగుదురు. కాయపై చిన్న రంధ్రము కనబడును, లోపల గింజలను తినుచు పురుగు పెరుగును, కాయ కుళ్ళిపోవును. అట్టి కాయ రాలిపోకుండ బయటకు వచ్చి తొడిమను కొమ్మకు పట్టుపోగులతో బిగించు నేర్పు కూడ దానికి కలదు. కొన్ని దినములకు ఇదే రెక్కలు తాల్చి ఎగురును. మగదాని రెక్కలపై ఊదాఛాయతో కూడిన నీలము తళుక్కుమనును. పురుగును తిట్టుకొనువాడును, ఆ నీలమును చూచి మురియువాడును ఒక్కడే కావచ్చును. ఆ రెండును ఒకే ప్రాణియని మాత్ర మాతనికి తెలియకపోవచ్చును. పెరటిలోని దాని సంగతియే ఇట్లున్నప్పుడు వర్షారణ్యపు అంచున ఒక్క నిమిషము కనబడి మాయమగు నీలిరెక్కల సంగతి చెప్పనేల?

ఈ దానిమ్మ సీతాకోకచిలుకకు 1793లో శాస్త్రనామ మిచ్చినవాడు డేనిష్ పండితుడగు ఫాబ్రీషియస్. ఆయన భారతదేశమున అడుగుపెట్టలేదు. ఇచ్చటి కీటకములను ఆయనకు అందజేసినవారిలో ముఖ్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడైన ఈ వైద్యుడు తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వచ్చి, ఆర్కాటు నవాబు కొలువున కొంతకాలము గడిపి, 1778 నుండి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడయ్యెను. 1785లో ఆయన కన్నుమూసినది మన కాకినాడ చెంతనున్న జగన్నాథపురముననే. అప్పుడు సామర్లకోటలో నున్న విలియం రాక్స్‌బరో ఆ చివరి దినములలో ఆయనకు వైద్యము చేసెను. అట్టివారు ఎండలో తిరిగి, జ్వరములకు లోనై పంపిన కీటకములు ఐరోపా చేరిన పిమ్మట వానికి దక్కినది కొద్దిపాటి లాటిను వర్ణన. నివాసస్థలము చెప్పవలసిన చోట తరచుగా ‘ఇండియా’ అను ఒక్క మాట. ఏ అడవి, ఏ మాసము, ఏ చెట్టు అను ప్రశ్నలకు అందు తావు లేదు. పేరు మిగిలినది, జాడ పోయినది.

పందొమ్మిదవ శతాబ్దమున పేర్లు వెల్లువగా వచ్చినవి. లండనులో కంపెనీవారి వస్తుప్రదర్శనశాలలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ అరలలోని రెక్కలను పరిశీలించి వందలకొలది జాతులను వేరుపరచెను. ఆయన శ్రమ గొప్పదే, కాని రెక్కపై చుక్క కొంచెము జరిగినంతనే కొత్త పేరు పెట్టు తొందర ఆయనకు ఉండెను. కొన్ని పేర్లు తరువాతి వారికి భారమైనవి. కలకత్తాలో ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా నుండిన లయొనెల్ ద నీస్‌విల్ వేరొక మార్గము పట్టెను. ఆయన గుడ్లను తెచ్చి పెంచెను. కలకత్తా పరిసరములలోని గోధుమవన్నె సీతాకోకచిలుకలు వానకాలమున ఒక వేషముతోను, ఎండకాలమున మరియొక వేషముతోను పుట్టుచున్నవని, అంతవరకు రెండు జాతులుగా నెన్నబడినవి కొన్ని నిజమునకు ఒకటియేనని 1886లో ప్రకటించెను. మార్షల్‌తో కలిసి ఆయన ఆరంభించిన గ్రంథములో మూడవ సంపుటము 1890లో వెలువడినది. నీలివంశమగు లైకెనిడే అందులోనిదే. ఆ సంపుటమున పలు జాతుల ఆడదాని ఊసే లేదు. మగవి చెలమల అంచున తడియిసుకపై వ్రాలి లవణము పీల్చును గనుక వలకు చిక్కును. ఆడవి చెట్ల శిఖరములపై మసలుచు నేలకు దిగుట అరుదు.

ఈ వంశమును గుర్తించుట కష్టమగుటకు కారణము నీలమే. ఆ రంగు రెక్కలో లేదు. నెమలిపింఛమునందు వలెనే ఇందును పొలుసుల సూక్ష్మనిర్మాణముపై పడిన వెలుగు చెదరి నీలముగా తిరిగివచ్చును. రెక్కపై ఒక చుక్క స్పిరిటు వేసినచో నీలము మారును, ఆరగానే మరల వచ్చును. చూచు కోణము మారినను ఛాయ మారును. కనుక కంటిని ముందుగా ఆకర్షించు గుణమే గుర్తింపునకు తక్కువగా ఉపకరించును. ఆధారము రెక్క అడుగుభాగమున నున్నది. 1881లో మూర్ ఏర్పరచిన నకదుబ ప్రజాతిని చూడుడు. రెక్కల అడుగున మాసిన గోధుమరంగుపై తెల్లని సన్నగీతలు జంటజంటలుగా నుండును. ముందురెక్కపై మూడు జంటలున్నవి ఆరుగీతలవి; మొదలిచెంత జంట లేనివి నాలుగుగీతలవి. ఆరుగీతలవానిలో మరల అడుగుగీతలు పైకి కనబడునది ఒకటి, కనబడనిది మరియొకటి. ఇదంతయు బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దదైన రెక్కపై. మన భాషలో ‘సీతాకోకచిలుక’ యను ఒక్క మాట ఇన్నిటిని ఒడిలో పెట్టుకొన్నది. అది మాట ఔదార్యమే గాని పరిశీలకునకు సహాయము గాదు.

గీతలు సైతము చాలవని చూపినవాడు అమెరికా దేశపు సిన్సినాటి వాసి విలియం డోహర్టీ. 1886లో కుమావూఁ సీతాకోకచిలుకల పట్టిక ప్రకటించినప్పటి నుండియు ఆయన గుడ్డుపై నుండు చెక్కడమును, మగదాని తోక చివర నుండు పట్టుకారు వంటి అవయవములను లెక్కకు తెచ్చెను. రెక్కలు ఒక్కపోలికగా నున్నను ఈ అవయవములు వేరైనచో జాతులు వేరు. ఆయన డార్జిలింగు ప్రాంతపు లెప్చాలకు శిక్షణ నిచ్చి వెంట తీసికొనిపోయెడివాడు. హిమాలయపు అడవులలో చిక్కిన అనేక అపూర్వ కీటకములను నిజముగా పట్టినవి లెప్చాల చేతులే. సూది క్రింద గ్రుచ్చిన చీటీపై మాత్రము దొర పేరుండును, లేక కొన్నవాని పేరుండును. ఈ చరిత్రలో ఇదొక అన్యాయము. దానిని సరిదిద్దుటకు ఇప్పుడు ఆధారములు కూడ మిగులలేదు.

చీటీ నిజముగా నిండినది పడమటి తీరమున. ఉత్తర కన్నడ జిల్లా అప్పుడు బొంబాయి రాజధానిలో నుండెను. కారవారము వెనుక సముద్రపు గాలిని అడ్డగించు కనుమలు, వానాకాలమున తెరపి యెరుగని వర్షము, నిత్యహరితారణ్యము. అచ్చట ముగ్గురు అధికారులు కలిసిరి. జిల్లా కలెక్టరు డేవిడ్‌సన్, ఉప్పు సుంకపు శాఖలోని ఎయిట్‌కెన్, అటవీశాఖలోని టి. ఆర్. బెల్. ఎయిట్‌కెన్ ‘ఈహా’ అను కలము పేరుతో హాస్యరచనలు చేసి పేరొందినవాడు. ముగ్గురిలో ఎవ్వడును వృత్తిచేత కీటకశాస్త్రజ్ఞుడు కాడు. వీరు వల కంటె కొమ్మను నమ్మిరి. ఆకు వెనుక నున్న గుడ్డును, చిగురులోని పురుగును ఇంటికి తెచ్చి, ఆ చెట్టు ఆకులే వేసి పెంచి, గూడు కట్టుటను, రెక్కలు విడుచుటను వ్రాసికొనిరి. వారి వ్యాసములు 1890లోను, 1896-97లోను బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వెలువడినవి. పిమ్మట బెల్ ఒక్కడే 1909 నుండి 1927 వరకు ఆ పత్రికలోనే మైదానపు సీతాకోకచిలుకల చరిత్రను వ్రాయుచు వచ్చెను. 1920లో ఉద్యోగము విరమించియు స్వదేశమునకు మరలక కారవారముననే నిలిచి 1948లో మరణించెను.

బెల్ వ్రాతలలో మిక్కిలి విలువైన భాగము చీమలను గూర్చినది. నీలివంశపు పురుగులలో పెక్కింటికి వీపున, ఉదరపు ఏడవ కణుపుపై, తేనెవంటి ద్రవము నిచ్చు గ్రంథి కలదు. చీమలు ఆ ద్రవమును త్రాగి, ప్రతిఫలముగా పురుగును శత్రువుల నుండి కాచును. మామిడిచెట్లపై ఆకులు కుట్టి గూడు కట్టుకొను ఎర్రచీమలను ఎరుగనివారు లేరు. జీసియస్ అను ఒక సీతాకోకచిలుక ఆ చీమలున్న చెట్టునే వెదకి గుడ్లు పెట్టును. అనగా ఆకు సరియైనదైనను చీమ సరియైనది కానిచో ఆ తల్లి గుడ్డు పెట్టదు. చెట్టు పేరుతోబాటు చీమ పేరు కూడ చీటీపై ఎక్కవలసిన దినము వచ్చినది.

ఇందుండి మరియొక సంగతి తేలినది. సైన్యమున ఇంజనీరు అధికారియైన ఇవాన్స్ 1923 నుండి భారతీయ సీతాకోకచిలుకల గుర్తింపుపట్టికలను ప్రకటించి 1927లో గ్రంథముగా తెచ్చెను. ప్రతి పేరునకు ప్రక్కన సాధారణము, అరుదు, మిక్కిలి అరుదు, మిక్కిలి మిక్కిలి అరుదు అని సంకేతాక్షరములు వేసెను. 1957లో వింటర్ బ్లైత్ రచించిన గ్రంథము వరకు, ఆ తరువాత కూడ, పరిశీలకులు ఈ సంకేతములతోనే మాటలాడిరి. కాని ఆ ‘అరుదు’ దేని కొలత? అడవిలో ఎన్ని యున్నవను దాని కొలత కాదు. వలలో ఎన్ని పడినవను దాని కొలత. శిఖరమున నెగురు జాతి వలకు అరుదు. దాని చెట్టును, చీమను ఎరిగినవానికి పురుగుగా దొరకవచ్చును. ఇందులో ప్రమాదమును కలదు. వలకు దొరకదని అరుదైనది వేరు, ఆ చెట్టే నరికివేయబడినందున అరుదైనది వేరు. ఒకే అక్షరము రెండింటిని కప్పిపుచ్చును. అడవి అంచు తోటగా, బాటగా మారునప్పుడు ముందుగా పోవునది అంచున పెరుగు ఆ లతయే.

నకదుబ గీతల కథ ఇరువదియొకటవ శతాబ్దమునకును సాగినది. 1924లో ఆర్మిస్టన్ శ్రీలంక నుండి వర్ణించిన నకదుబ సింహల ఆ ద్వీపమునకే పరిమితమని చిరకాలము తలపబడెను. 2021లో కలేష్ సదాశివన్, ఆయన సహచరులు పడమటి కనుమల దక్షిణపు కొసయగు అగస్త్యమలలో దాని ఉపజాతిని గుర్తించి, నకదుబ సింహల రామస్వామియై అను పేరుతో ప్రకటించిరి. నడుమ 97 ఏండ్లు గడచినవి. లంక కొండలకును దక్షిణపు కనుమలకును జీవజాతులలో బంధుత్వ మున్నదని తెలిసిన విషయమే. అయినను గీతల జంటలను లెక్కించువాడు ఆ అడవికి పోవువరకు ఆ బంధువు కంటబడలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట అనేక సీతాకోకచిలుకలు దాని పట్టికల కెక్కినవి. అట్టివానిని అనుమతి లేక పట్టుట నేరము. అందుచేత వల స్థానమున చాలవరకు కెమెరా వచ్చినది. అది అడుగుభాగపు గీతలను చక్కగా పట్టును, కాని డోహర్టీ చెప్పిన పట్టుకారును చూపలేదు. కొన్ని నీలములను ఛాయాచిత్రముతో జాతివరకు తేల్చుట సాధ్యము కాదని ఒప్పుకొని ప్రజాతివరకే వ్రాసి ఊరకుండువారు గొప్పపేరు వేయువారికంటె నమ్మదగినవారు.

తెలుగునాట పడమటి కనుమల వంటి వర్షారణ్యము లేదు. అయినను తూర్పు కనుమలలో మారేడుమిల్లి ప్రాంతమున అర్ధహరితారణ్యము ఉన్నది. అచ్చటి వాగుల ఒడ్డున పొద్దెక్కిన వేళ తడియిసుకపై నీలివంశపు మగవి గుంపుగా వ్రాలి రెక్కలు ముడిచి లవణము పీల్చును. ముడిచిన రెక్కలపై నీలము కనబడదు. మాసిన వన్నెయు, సన్నగీతలును మాత్రమే కనబడును. వానిని లెక్కించుటకు వంగినవానికి ఆ కొద్ది నిమిషములే గడువు. ఆడది మాత్రము పైన, కొమ్మల చివర, తన చీమలున్న చిగురును వెదకికొనుచుండును.