పెరటి బండలు – నీళ్ళ తొవ్వ



చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను మాట్లాడబోయేది పెరట్లో పరిచే బండల చరిత్ర. నవ్వకండి. ఆదిలాబాద్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో నల్లరేగడి మీదనే ఇంత ఇసుక చల్లించి, షాబాదు బండలు పరిపించాను. చూడ ముచ్చటగా ఉండె. ఆషాఢంలో ముసురు పట్టింది. రేగడి ఉబ్బి బండలు ఎగుడుదిగుడయ్యాయి. నీళ్ళన్నీ వంటింటి గోడకే చేరాయి. మా అత్తగారిది పెద్దపల్లి దిక్కు. ఆమె ఒక్కటే మాటన్నది: "నీళ్ళకు నువ్వు తొవ్వ జూపెట్టకుంటె, అవి నీ ఇంట్లకే తొవ్వ జూసుకుంటయి బిడ్డా."

ఆ పెద్దపల్లి దగ్గరే పెద్దబంకూరు ఉంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. 1960ల చివర, 1970ల మొదట్లో పురావస్తు శాఖ వారు అక్కడ తవ్వితే శాతవాహనుల కాలపు ఊరు బయటపడింది. వేల కొద్దీ నాణేలు దొరికాయని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం నాణేల కన్న బావులే గొప్పగా తోచాయి. కొన్ని ఇటుకతో కట్టినవి, కొన్ని కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి. వాడిన నీళ్ళు పోయేందుకు కాలువలూ ఉన్నాయి. అంటే 2000 ఏళ్ళ నాడే అక్కడి ఇల్లాలు కడుగునీళ్ళు ఎటు పోవాలో ఆలోచించుకున్నదన్న మాట! పక్కనే ధూళికట్టలో బౌద్ధ స్తూపానికి సున్నపురాతి పలకలు తాపడం చేశారు. రాయి పని మన దగ్గర కొత్తది కాదు.

మన పాత భవంతి ఇళ్ళు చూడండి. నాలుగు దిక్కుల గూనపెంకుల మీది వాన నడుమ వాకిట్లోనే పడేది. అయినా ఇల్లు తడిసేది కాదు. వాకిలి అరుగుల కన్న పల్లంగా ఉండేది, బండలు ఒక మూలకు వాలి ఉండేవి, ఆ మూల తూములోంచి నీళ్ళు గోడ కింద నుంచి బయటికి పోయేవి. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు నడిచాక తాండూరు బండకు దారి సులువైంది. నున్నటి బండ వచ్చింది గానీ, కింద నేల సంగతి చాలామంది మరిచిపోయారు.

మరుసటి ఎండాకాలం బండలన్నీ లేపించాం. అడుగున్నర లోతు రేగడి తీసేసి, మొరం అర్ధ అడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాం. పైన రెండంగుళాల ఇసుక. పది అడుగులకు రెండంగుళాల వాటం, అదీ గోడ నుంచి అవతలికి. సుతారి "ఎందుకమ్మా, సమంగుంటె అందం గద" అని సణిగాడు. జాలారి నీళ్ళకు వేరే మోరీ పెట్టించి, బావికీ పునాదికీ దూరంగా గుంత తీయించాం. రేగడి నీళ్ళు తాగదు గనుక కింద మొరం తగిలేదాకా తవ్వించి, రాళ్ళతో నింపాం. పక్కన రెండు అరటి పిలకలు.

పని ముగిసిన సాయంత్రం మా అత్తగారు బిందెడు నీళ్ళు తెచ్చి వంటింటి గడప దగ్గర కుమ్మరించి, కొంగు నడుముకు చెక్కి నిలబడింది. నీళ్ళు బండల మీదుగా మెల్లగా జారి మోరీలో పడ్డాయి. "ఇగ సుతారికి పైసలియ్యి" అన్నది.