చెత్త ఏరివేత, పురుషుల ఆరోగ్య చైతన్యం: ఆస్ట్రేలియా అనుభవం

ప్రవేశిక

ఉద్యమాల చరిత్ర అనగానే మీకు సభలు, ఊరేగింపులు, జైళ్ళు గుర్తుకు వస్తాయి. గ్లౌజులు వేసుకొని, సంచి పట్టుకొని చెత్త ఏరడం ఉద్యమమేనా? ఒక నెలపాటు మీసం పెంచడం ఉద్యమమేనా? ఆస్ట్రేలియాలో పుట్టిన ఇటువంటి రెండు ప్రయత్నాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. మొదటిది స్వచ్ఛందంగా చెత్త ఏరివేయడం. రెండవది ప్రోస్టేట్ క్యాన్సర్‌పై అవగాహన కల్పించడం. ఈ రెండు పనులను ఒకే నడకలో కలిపి చేసే బృందాలు నేడు ఉన్నాయి. ఈ కలయికకు చారిత్రక నేపథ్యం ఏమిటి? దాని పరిమితులేమిటి?

సిడ్నీ రేవులో తొలి అడుగు

ఇయాన్ కియర్నన్ భవన నిర్మాణ వృత్తిలో ఉన్న నావికుడు. 1986-87లో ఒంటరిగా పడవపై ప్రపంచాన్ని చుట్టివచ్చే పోటీలో పాల్గొన్నారు. అట్లాంటిక్ మహాసముద్రంలోని సర్గాసో ప్రాంతంలో తేలుతున్న చెత్త ఆయనను కలచివేసింది. తిరిగి వచ్చాక తన ఊరి రేవుతోనే పని మొదలుపెట్టారు. 1989 జనవరిలో సిడ్నీ రేవును శుభ్రం చేయడానికి సుమారు 40,000 మంది తరలివచ్చారు. 1990లో ఈ కార్యక్రమం దేశమంతటా జరిగింది. 1993లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం సహకారంతో ఇతర దేశాలకు విస్తరించింది.

దీని బలం ఎక్కడుందో గమనించండి. పాల్గొనడానికి చదువు, పదవి, సభ్యత్వం అక్కరలేదు. ఒక్క రోజు, ఒక సంచి చాలు.

మీసం తెచ్చిన మార్పు

ప్రోస్టేట్ పురుషులలో మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. వయసు పెరిగేకొద్దీ దీనికి క్యాన్సర్ సోకే అవకాశం పెరుగుతుంది. తొలి దశలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. దీనికి తోడు సిగ్గు అడ్డు. మా తరం మగవాళ్ళం మూత్ర సంబంధమైన ఇబ్బందిని భార్యకైనా చెప్పుకోకుండా, వయసు మీద పడిందని సర్దుకుపోయినవాళ్ళమే.

2003లో మెల్‌బోర్న్‌లో 30 మంది మిత్రులు నవంబరు నెలంతా సరదాగా మీసాలు పెంచారు. ఎదురైనవారంతా ఆ మీసం సంగతే అడగసాగారు. మరుసటి సంవత్సరం ఆ కుతూహలాన్నే ప్రోస్టేట్ క్యాన్సర్ వైపు మళ్ళించారు. దాదాపు 450 మంది కలిసి సుమారు 54,000 ఆస్ట్రేలియా డాలర్ల విరాళాలు సేకరించారు. అదే 'మొవెంబర్' ఉద్యమం.

1990ల నుంచి ఆస్ట్రేలియాలో 'మెన్స్ షెడ్స్' అనే పని కేంద్రాలు కూడా పెరిగాయి. పెద్దవయసు మగవాళ్ళు అక్కడ చేరి వడ్రంగం వంటి పనులు చేసుకుంటారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని మనిషి, పక్కపక్కన పని చేస్తున్నప్పుడు మాట్లాడతాడన్నది ఆ కేంద్రాల అనుభవం. చెత్త ఏరే నడకలోనూ జరిగేది అదే. చూపు నేల మీద ఉంటుంది, చేతికి పని ఉంటుంది, మాట తేలికవుతుంది.

పరిమితులు

అయితే స్వచ్ఛంద సేవతోనే సమస్య తీరుతుందని మీరు భావించకూడదు. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఖాళీ సీసాలు, డబ్బాలు తిరిగి ఇచ్చినవారికి డబ్బు చెల్లించే చట్టం 1977లోనే అమలులోకి వచ్చింది. పడిన చెత్తను ఏరడం సేవ. అసలు పడకుండా చూడడం విధానం.

అవగాహన విషయంలోనూ ఇంతే. 'అందరూ పరీక్ష చేయించుకోండి' అన్న నినాదం సరిపోదు. పీఎస్ఏ రక్తపరీక్షలో విలువ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్లు కాదు. హాని చేయని కణితికి కూడా చికిత్స జరిగి, దుష్ప్రభావాలు మిగిలిపోయే ప్రమాదముంది. అమెరికా నిపుణుల సంఘం 2012లో ఈ పరీక్షను అందరికీ సాధారణంగా చేయవద్దంది. 2018లో తన సలహాను సవరించి, 55-69 ఏళ్ళవారు లాభనష్టాలను వైద్యునితో చర్చించి నిర్ణయించుకోవాలంది. కాబట్టి నడకలో మొదలైన మాట వైద్యుని గది దాకా చేరాలి.

ముగింపు

చెత్తను, జబ్బును చూసీ చూడనట్లు వదిలేయడం సమాజానికి అలవాటు. ఈ ఉద్యమాలు ఆ అలవాటును ప్రశ్నించాయి. దాచినదాన్ని పదిమంది ముందుకు తేవడం స్వచ్ఛంద సేవకుల పని. దానికి శాశ్వత పరిష్కారం చూపడం చట్టం, వైద్యవ్యవస్థల పని. మొదటిది జరిగిందని రెండవదాన్ని మరచిపోకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరిలో జరిగిన ఒక స్వచ్ఛంద కార్యక్రమాన్ని తీసుకొని, అది దేనిని వెలుగులోకి తెచ్చిందో, దేనిని మార్చలేకపోయిందో పది వాక్యాలలో రాయండి. రాసేముందు ఇంట్లోని పెద్దలతో ఒకసారి మాట్లాడండి.