ఐజాబ్ రేవులో ఒక చిట్ఠీ

కిందటేడు ఉమ్రా సఫర్‌లో, మక్కాలో ఒక ఏటీఎం ముందు నిలబడ్డాను. చేతిలో రియాళ్లు అయిపోయాయి. డెబిట్ కార్డు ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను. క్రెడిట్ కార్డు మిషన్‌లో పెట్టబోతుంటే వెనక నుంచి అమ్మీ అడిగింది: "బేటా, దీనికి సూద్ పడదు కదా?"

పడుతుంది. దుకాణంలో కార్డు గీకి, గడువులోగా బిల్లు మొత్తం కట్టేస్తే సూద్ ఉండదు. పరదేశంలో వాడినందుకు వేసే ఫీజు మాత్రం వేరు. అదే కార్డుతో నగదు తీస్తే మామూలుగా ఆ రోజు నుంచే సూద్ మొదలు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చెయ్యి చాచాను. కార్డు మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి నాసిర్ ఖుస్రో యాదికొచ్చాడు. ఫార్సీలో సఫర్‌నామా రాసిన ముసాఫిర్. 1050లో హజ్‌కు పోతూ ఎర్రసముద్రం ఒడ్డున ఐజాబ్ రేవులో చిక్కుకుపోయాడు. జిద్దాకు ఓడ దొరకక మూడు నెలలు అక్కడే ఉన్నాడు. వాన నీళ్లు తప్ప వేరే నీళ్లు లేని ఊరు. అక్కడివాళ్లు అడిగితే మస్జిద్‌లో ఖుత్బా కూడా చదివాడు. ఉన్న పైసలన్నీ ఖర్చయిపోయాయి.

అప్పుడు జేబులోని చిట్ఠీ బయటికి తీశాడు. అస్వాన్‌లోని దోస్త్ ఒకాయన ఐజాబ్‌లో ఉన్న తన గుమాస్తాకు రాసిచ్చింది. ఇతను ఏం అడిగితే అది ఇవ్వు, రసీదు తీసుకో, నా లెక్కలో రాసుకో అని అందులో ఉంది. నాసిర్ నూరు మన్‌ల పిండి తీసుకుని (మన్ అంటే ఆనాటి తూకం) రసీదు రాసిచ్చాడు. రసీదు అస్వాన్ చేరింది. ఎంత కావాలంటే అంత ఇవ్వమని అక్కడి నుంచి జవాబు కూడా వచ్చింది. సూద్ మాటే లేదు. మొదటి డైనర్స్ క్లబ్ కార్డు వచ్చింది 1950లో, అంటే సరిగ్గా 900 ఏళ్ల తర్వాత!

అట్లని పాతకాలం కాగితాలన్నీ పాక్ అనుకోవద్దు. తాజిర్లు ఒక ఊళ్లో సొమ్మిచ్చి ఇంకో ఊళ్లో తీసుకునే సుఫ్తజా అనే పత్రం ఉండేది. దారి దొంగల భయం తప్పడం కూడా అప్పిచ్చినవాడికి ఒక ఫాయిదాయే కదా అని హనఫీ ఫఖీహ్‌లు దాన్ని మక్రూహ్ అన్నారు. అంత నాజూకుగా తూచారు వాళ్లు! నేనేమో షరతుల కాగితం చదవకుండానే కార్డు దరఖాస్తు మీద దస్తఖత్ చేశాను.

మన హాజీలకూ ఒక ప్రత్యేక కాగితం ఉండేది. 1959లో రిజర్వ్ బ్యాంక్ వాళ్ల కోసమే 10, 100 రూపాయల హజ్ నోట్లు వేసింది. మన బజార్లలో అవి చెల్లేవి కావు.

పొద్దున ఫజర్ తర్వాత మా జమాత్‌లోని గుంటూరు పెద్దాయన విషయం విని 300 రియాళ్లు తీసి చేతిలో పెట్టారు. "కాగితం ఎందుకు బాబూ" అన్నారు. అప్పు రాసుకోమని సూరా బఖరాలోనే ఉంది కదా చాచా అని, హోటల్ బిల్లు వెనక తారీఖు వేసి రాసిచ్చాను. అమ్మీ గవాహీగా దస్తఖత్ చేసింది.