మూసీ తీరపు సౌధములు

హైదరాబాదు అనగానే మనకు ముందుగా స్ఫురించునది 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారు. మూసీకి ఇరుగట్టుల ఎదురెదురుగా నిలిచిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి సౌధముల కథ వేరు. వాటి పుట్టుకకు మూలము ఒక జలప్రళయము.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయినది. దాని ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు.

మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఎగువన జలాశయములు కట్టుటయే తరుణోపాయమని ఆయన సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఈలోగా 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, పాడైన తీరమును చక్కదిద్దసాగినది. విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి రూపకల్పనతో 1915లో ఆరంభమైన హైకోర్టు 1919 నాటికి పూర్తియైనది. ఆవలిగట్టున గుమ్మటములతో లేచిన ఆసుపత్రియు ఆయన రచనయే.

శతాబ్దము గడచినది. 2020 జూలైలో వాననీరు వార్డులలో చేరగా, ఆసుపత్రి పాత భవనమును ఖాళీచేసిరి. వరద చేసిన గాయమునకు మందుగా వెలసిన కట్టడము తానే రోగియైనది. ఇందరికి చికిత్స చేసిన ఆ గోడలకు చికిత్స చేయుట మన వంతు. చింతచెట్టు నేటికిని అచ్చటనే యున్నది.