కార్వేటినగర వేణుగోపాలుని పదాలు – విద్యాదాన ధర్మం



పుత్తూరు సమీపంలోని కార్వేటినగరం ఒకప్పుడు సంస్థాన రాజధాని. ఆ ప్రభువులు ఆరాధించిన వేణుగోపాలస్వామి ఆలయమూ, సోపానపంక్తులతో విశాలంగా విస్తరించిన స్కంద పుష్కరిణీ నేటికీ దర్శనీయాలు. ఆలయ నిర్వహణ ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానముల అధీనంలో ఉన్నది. సంస్థానం చరిత్రలో కలిసిపోయింది. స్వామి ముద్రను ధరించిన పదాలు మాత్రం రాజ్యం కన్న దీర్ఘాయువు పొందాయి.

ఆ పదాలకు కర్త సారంగపాణి. 17, 18 శతాబ్దాల సంధికాలానికి చెందిన ఈ వాగ్గేయకారుడు వేణుగోపాలునే నాయకుడిగా నిలిపి రెండువందలకు పైగా పదాలను లోకానికి మిగిల్చాడు. క్షేత్రయ్య నాయిక మాటలో నాగరక సౌకుమార్యం వినిపిస్తే, సారంగపాణి నాయిక తన సీమ నుడికారంతో, సామెతలతో, ఎత్తిపొడుపులతో స్వామిని నిలదీస్తుంది. ఈ శృంగారాన్ని చూసి సంకోచించే భక్తులు నేటికీ ఉన్నారు. జయదేవుని అష్టపదులను పూజామందిరంలో పాడుకొనేవారికి ఆ సంకోచం ఎందుకో! జీవుడు నాయిక, పరమాత్మ నాయకుడు అన్న మధురభక్తి సూత్రం రెండింటికీ సమానమే.

ఈ పదాలకు ప్రధాన ఆశ్రయం గాయనీమణుల, నాట్యాచార్యుల కంఠం. గురువు పాడగా శిష్యురాలు పట్టుకోవడమే వారి అధ్యయనం. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. అన్యాయాన్ని అంతం చేసిన ఆ సంస్కరణ అవశ్యకర్తవ్యమే. కాని ఆ కుటుంబాలు చెదిరిపోయిన కాలంలో వారి కంఠస్థ విద్యను గ్రహించి భద్రపరచే ఏర్పాటు తగినంత జరగలేదు. సారంగపాణి పదాలలో నేడు సభలలో వినిపించేవి కొన్ని మాత్రమే. మిగిలినవాటికి సాహిత్యం పుస్తకంలో ఉన్నది. వరుస తెలిసిన కంఠం దుర్లభం.

ఇదే సీమలో, తిరుమల కొండపై, దీనికి విపర్యయమైన కథ నడిచింది. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకులపై చెక్కించి, ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో నిక్షేపించారు. తాటాకు చెదపురుగుకు ఆహారం, కంఠం మృత్యువుకు వశం. రాగికి ఆ భయం లేదు. కాని ఆ గది మూతపడింది. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంబెల్ దొరకు, తిరుపతిలో రాగిరేకులపై వ్యాకరణగ్రంథం ఒకటి ఉన్నదని ఎవరో చెప్పారట. పరీక్షింపజేయగా అవి దేవుని స్తుతులని తేలాయి. వెదికినది వ్యాకరణం కనుక విషయం అక్కడితో ఆగిపోయింది. మరి నూరేళ్ళకు గాని, 1920ల దశకంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో ఆ రేకులు విద్వాంసుల దృష్టికి రాలేదు. అటుపై వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు పరిష్కరించి ముద్రణకు తెచ్చారు. రేకులపై రాగనామం ఉన్నది, స్వరం లేదు. కాబట్టి నేడు మనం వినే వరుసలలో అధికభాగం ఆధునికుల కూర్పే.

రెంటినీ పక్కపక్కన ఉంచి చూస్తే విద్యారక్షణకు రెండు అంగాలున్నాయని తెలుస్తుంది. భద్రపరచడం ఒకటి, పంచడం ఒకటి. కార్వేటినగర పదం పాడేవారి మధ్య పంచబడింది గాని భద్రం కాలేదు. తిరుమల సంకీర్తన భద్రమైనది గాని శతాబ్దాలపాటు పంచబడలేదు.

మన ధర్మశాస్త్రం ఈ రెండింటినీ కలిపి ‘విద్యాదానం’ అన్నది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి రచించిన చతుర్వర్గ చింతామణిలోని దానఖండం ఈ దానాన్ని వివరిస్తుంది. గ్రంథాన్ని వ్రాయించి ఇవ్వడం అందులో పుణ్యకర్మ. ధనవంతుడు లేఖకుణ్ణి పోషిస్తే, ఆ ప్రతి పండితుని చేతికో మఠానికో చేరేది. నేడు ప్రాచీన గ్రంథాన్ని పుటపుటా చిత్రించి అంతర్జాలంలో ఉంచేవాడు చేస్తున్నది ఆ లేఖకుని పనే.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది: అధికారం లేనివారికి విద్య అందవచ్చునా? మంత్రోపదేశానికి గురుముఖం తప్పనిసరి అన్న మాట నిజం. అయితే తిరుక్కోష్ఠియూరులో భగవద్రామానుజులు, గురువైన గోష్ఠీపూర్ణులు రహస్యంగా ఉంచమన్న అర్థాన్ని ఆలయం పైనుండి అందరికీ చాటారని గురుపరంపర చెబుతున్నది. తనకు నరకమైనా సరే, విన్నవారు తరిస్తే చాలునన్నారట. మంత్రార్థం విషయంలోనే ఆచార్యులు అంత ఔదార్యం చూపగా, ఊరివారి నుడిలో అల్లిన కీర్తనకూ పదానికీ తలుపులు వేయడానికి ఏ ప్రమాణం ఉన్నది?

కుటుంబవిద్యను లోకానికి ఇచ్చిన మరొక ఉదాహరణ 1904 నాటిది. ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసులు. చిన్నస్వామి మొదలియారు అనే క్రైస్తవ సంగీతాభిమాని ప్రోద్బలంతో, సంస్థాన పోషణతో ఆయన తమ సంప్రదాయాన్ని స్వరసహితంగా ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’గా ప్రకటించారు. తమిళదేశంలో ముద్రితమైన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉన్నది. గోవిందసామయ్య వంటి కార్వేటినగర విద్వాంసుల వృత్తాంతానికి అందులోని వాగ్గేయకార చరిత్ర ఒక ఆధారం. ఇప్పుడు స్వచ్ఛంద కృషి వలన ఆ గ్రంథం అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నది.

ప్రభుత్వ పక్షాన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను చిత్రించింది. కొంతకాలానికి ఆ ద్వారం మూసుకొన్నది. అప్పటికే ప్రతులు తీసిన ఔత్సాహికుల వలన ఎన్నో గ్రంథాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో నిలిచాయి. ఒక్క భాండాగారాన్ని నమ్మరాదన్న తిరుమల గది పాఠం ఇక్కడా వర్తించింది. ఇక హక్కుల మాట. మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్ళ వరకు హక్కు నిలుస్తుంది. సారంగపాణి సాహిత్యంపై ఎవరికీ హక్కు లేదు. ఇటీవలి సంపాదకుని పీఠికకూ, ఆధునిక స్వరకర్త కూర్పుకూ ఉన్నది. ఈ భేదం తెలియక కొందరు మొత్తం ఎత్తి పెడతారు. మరికొందరు భయపడి మూలాన్ని సైతం దాచుతారు.

లేఖకదోషం పాతకాలంలో ఒక్క ప్రతిని చెరిపేది. ఇప్పుడు ఒక్క తప్పు అక్షరం గడియలో వేయి ప్రతులవుతున్నది. సారంగపాణి వాడిన చిత్తూరు సీమ మాటను ముద్రణదోషమని భ్రమించి ‘సరిచేసే’ చేయి మరీ ప్రమాదకరం. ఆ మాటకు అర్థం చెప్పగల పెద్దలు కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారి నోటి నుండి ఆ నుడిని, తెలిసినవారుంటే వరుసను, ధ్వనిముద్రణ చేసి పదపాఠం పక్కనే ఉంచడానికి చేతిలోని ఫోను చాలు.