సూదికి ముందు చెప్పాల్సిన మాట

పాచిపెంట వైపు నుంచి వచ్చిన ఆటో సాలూరులో ఆగింది. సంతకని దిగిన కొండదొర ఆడవాళ్లలో ఒకామె, తోటివాళ్లను ముందు పొమ్మని చెప్పి, పిల్లను చంకనేసుకుని ఆశా కార్యకర్త వెంట ఆసుపత్రి దారి పట్టింది. మీరూ వెనకే రండి.

నర్సు ముందు బల్ల మీద అంతర కార్డు. గర్భం రాకుండా 2017 నుంచి ఆ పేరుతోనే ప్రభుత్వం ఉచితంగా వేయిస్తున్న డిపో సూది, మూడు నెలలకోసారి. మొదటిది పుట్టింటి వైపు వేయించుకుంది. ఇవాళ రెండోది.

"రెండు నెలలై ముట్టు రాలేదమ్మా. కడుపొచ్చీసిందేటి?" గొంతు తగ్గించి అడిగింది. ఈ భయాన్ని అన్నాళ్లూ ఒక్కతే మోసింది.

పరీక్ష చేశారు. గర్భం లేదు. నర్సు పక్కన కూర్చోబెట్టుకుని చెబుతోంది: ఈ మందు అండం విడుదల కాకుండా ఆపుతుంది, గర్భసంచి లోపొర పలచబడుతుంది. అందుకే కొందరికి మచ్చలు, వేళాపాళా లేని రక్తస్రావం. కొందరికి ముట్టే ఆగిపోతుంది. చెడు రక్తం లోపల పేరుకోదు. బరువు పెరగొచ్చు, తలనొప్పి రావొచ్చు. ఎముకలు కొంత పలచబడతాయి, మానేశాక చాలావరకు కోలుకుంటాయి.

"మళ్లీ పిల్ల కావాలంటేనో?"

"మానిన వెంటనే నిలవదమ్మా. నెలలు పడుతుంది."

ఆమె కాసేపు మాట్లాడలేదు. మాత్రయితే రేపే మానేయొచ్చు. ఒంట్లోకి ఎక్కిన సూదిమందును వెనక్కి తీయలేం. ఈ మాట మొదటి సూదికి ముందే ఆమెకు అందాల్సింది.

ఇలా అడిగే హక్కు కోసం మన నేల మీదే పోరాటం జరిగింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే ఇలాంటి సూదిని, అది ప్రయోగమని సరిగా చెప్పకుండానే పేద స్త్రీలకు వేయబోతే హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన అడ్డుపడింది, మరుసటేడు సుప్రీంకోర్టుకెక్కింది. చివరికి 2000లో ఆ సూదిని మూకుమ్మడిగా వాడటం తగదని ప్రభుత్వమే ఒప్పుకుంది.

డిపో ఎందరికో మేలు చేస్తోంది, కాదనను. కానీ రక్తహీనత ఉన్న మనిషికి ఆగని రక్తస్రావం చిన్న ఇబ్బంది కాదు. ఆశా అక్కలూ, నర్సమ్మలూ, సూది పట్టకముందే ఇవన్నీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అమ్మా, రక్తం ఎక్కువగా పోతుంటే కార్డు మీది తేదీ దాకా ఆగకండి, వెంటనే కొండ దిగి రండి.