క్వర్టీ వరుస, పాల్ డేవిడ్ వాదం

సాంకేతిక ఆవిష్కరణల నిర్వహణను పరిశోధించేవారు తరచుగా ఉదహరించే వస్తువు మన వేళ్ళ కిందే ఉంది. అది క్వర్టీ కీబోర్డు. ఎప్పుడూ మేలైన పనిముట్టే గెలుస్తుందా, లేక ముందుగా పాతుకుపోయినది వెనుక వచ్చినవాటిని రానివ్వదా? క్వర్టీ ఏ పక్షానికి సాక్ష్యమన్నదే తగవు.

మిల్వాకీ పత్రికా సంపాదకుడు క్రిస్టఫర్ షోల్స్ సహచరులతో కలిసి 1868లో టైపు యంత్రానికి పేటెంటు పొందాడు. 1873లో తుపాకులు చేసే రెమింగ్టన్ సంస్థ దాని తయారీకి ఒప్పుకుంది. కడ్డీలు ఒకదానికొకటి తగులుకోకుండా అక్షరాలను అలా పేర్చారని వాడుక. టెలిగ్రాఫు పనివారి అవసరాలే ఆ వరుసను మలిచాయని కోయిచి, మొతోకో యాసుఓకాలు 2011లో వాదించారు.

1985లో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ రాసిన వ్యాసం ఆరు పుటలే. టైపిస్టులకు వచ్చిన వరుస ఉన్న యంత్రాన్నే కచేరీలు కొంటాయి. కచేరీల్లో ఉన్న వరుసనే కొత్తవారు నేర్చుకుంటారు. యంత్రాన్ని మార్చడం కంటే మనిషి నేర్చినదాన్ని మరిపించడం ఖరీదు. అందుకే 1936లో పేటెంటు పొందిన ద్వోరాక్ వరుస నిలదొక్కుకోలేదని ఆయన వాదం. పాత్ డిపెండెన్స్ అనే ఈ భావనను నేను 'తొక్కిన దారి కట్టుబాటు' అని చెప్పుకుంటాను.

లీబోవిట్జ్, మార్గోలిస్‌లు 1990లో దీన్ని గట్టిగా ఖండించారు. ద్వోరాక్‌ను మెచ్చిన 1944 నాటి అమెరికా నౌకాదళ పరీక్షల్లో ద్వోరాక్ హస్తమే ఉందన్నారు. 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ జరిపిన పరీక్షలో ఆ వరుసకు ఆధిక్యం కనబడలేదు. వారి దెబ్బ 'క్వర్టీ నాసిరకం' అన్న మాటకు తగిలింది గాని, అది ఎందుకు నిలిచిందన్న డేవిడ్ వివరణకు తగలలేదని నా అభిప్రాయం.

మన సంగతే చూడండి. ఇన్‌స్క్రిప్టు 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఉంది. అచ్చులు ఎడమకు, హల్లులు కుడికి. తెలుగు నేర్చిన వేళ్ళతో కన్నడమూ కొట్టవచ్చు. 'కమల'కు ఇన్‌స్క్రిప్టులో మూడు మీటలు చాలు, రోమన్ లిపిలో ఆరు. అయితే 'అమ్మ'కు రెండింటా నాలుగే (షిఫ్టును లెక్కించకుండా). లాభం ఉంది, అన్ని మాటలకూ లేదు. మనలో చాలామంది ఆర్‌టిఎస్ వంటి రోమన్ పద్ధతులతోనే తెలుగు రాశాం. మీటల మీద ముద్రించి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, వేళ్ళకు ముందే అలవడినదీ ఆ వరుసే.

రోమన్ పద్ధతిని వదిలి ఇన్‌స్క్రిప్టుకు మారినవారు మీలో ఉంటే, పాత వేగం అందుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసుకోవాలని ఉంది.